వీరయుగం ఎవరిది?



ఇటీవల ఒక పాఠశాల వార్షికోత్సవంలో నన్ను వేదికమీద కూర్చోబెట్టారు. విశ్రాంత తెలుగు పండితునికి అప్పుడప్పుడు దక్కే గౌరవం అది. శాలువా కప్పించుకున్నందుకు పక్కవారి ఉపన్యాసం ఆసాంతం వినవలసి ఉంటుంది. ఆనాటి ప్రధాన వక్త ముప్పావుగంట మాట్లాడారు. సారాంశం ఇది: వీరులు పుట్టిన కాలం వేరు, ఋషులు పుట్టిన కాలం వేరు, మహాశాస్త్రజ్ఞులు పుట్టిన కాలం వేరు, మనం మాత్రం అల్పుల కాలంలో పుట్టాము. పిల్లలు చప్పట్లు కొట్టారు. తమను అల్పులన్నందుకు తామే చప్పట్లు కొట్టిన ఆ పసివాళ్ళను చూసిన తరువాత నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట నేనూ ముప్పై ఏళ్ళు తరగతి గదిలో చెప్పినవాడినే. ఈ టపా కొంత ఖండన, కొంత ప్రాయశ్చిత్తం.

ముందుగా నా అభియోగం చెబుతాను. వీరయుగమనేది ఏ కాలంలోనూ వర్తమానంగా ఉండలేదు. అది తరువాతివారు వెనుకకు తిరిగి కట్టుకున్న మేడ. ఆ మేడ నీడలో బ్రతికి ఉన్నవారి శ్రమ కనబడకుండా పోతుంది.

గ్రీకు కవి హెసియడ్ మానవజాతికి ఐదు యుగాలు చెప్పాడు. బంగారు, వెండి, కంచు యుగాల తరువాత, ఇనుప యుగానికి ముందు, లోహం పేరు లేని వీరుల యుగాన్ని ఒకదాన్ని మధ్యలో చేర్చాడు. తాను మాత్రం ఇనుప యుగంలో పుట్టినందుకు వగచాడు. అంటే సుమారు రెండువేల ఏడువందల ఏళ్ళ క్రితం కూడా కవికి తన కాలం చెడిపోయిన కాలమే! మన కలియుగ విలాపాలు ఎంత పాతవో వేరుగా చెప్పనక్కరలేదు. 1912లో ఛాడ్విక్ అనే ఆంగ్ల పండితుడు 'వీరయుగం' పేరిట ఒక గ్రంథమే వ్రాసి, జాతుల చరిత్రలో అటువంటి దశ ఒకటి ఉంటుందని వాదించాడు. పండితులకు అది చర్చనీయాంశం. కాని వేదికలెక్కినవారికి అది సిద్ధాంతమై కూర్చుంది.

కాలక్రమం చూడండి. పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది నాటిది. శ్రీనాథుడు దానిని కావ్యంగా చెప్పింది 15వ శతాబ్దిలో. కారెంపూడిలో నేలకొరిగినవారికి తాము వీరయుగంలో ఉన్నామని తెలియదు. వారికి తెలిసినది దాయాదుల పోరు, కోడిపందెంలో ఓటమి, దాని వెంట వచ్చిన వలస, చివరకు చావు. ఇరుపక్షాలా ఇళ్ళు పాడుపడిన తరువాతనే వీరులగుడి లేచింది. వీరులను కొలవడంలో తప్పు లేదు. అటువంటి కాలం మళ్ళీ రావాలని కోరుకునేవారు ఆ కథను చివరిదాకా చదవలేదని మాత్రం చెప్పగలను.

భారతం సంగతి చూద్దాం. పద్దెనిమిది అక్షౌహిణులు తలపడితే మిగిలినవారెందరు? అటు అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ; ఇటు పాండవులైదుగురు, కృష్ణుడు, సాత్యకి. గెలిచిన ధర్మరాజు తొడతొక్కలేదు సరికదా, రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. స్త్రీపర్వంలో గాంధారి శవాల మధ్య నడుస్తూ ఒక్కొక్క వీరుణ్ణి చూపించి ఏడుస్తుంది. తిక్కన తెలుగులో ఆ ఘట్టం చదివినవాడెవడూ అది స్వర్ణయుగమని అనలేడు. ఇక శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుతో ఏమంటాడు? కాలం రాజును చేస్తుందా, రాజు కాలాన్ని చేస్తాడా అనే సందేహం పెట్టుకోవద్దు, రాజే కాలానికి కారణం అంటాడు. రాజు నడిచే తీరును బట్టి కృతయుగమో కలియుగమో ఏర్పడుతుందన్నమాట. యుగం ఆకాశంనుండి దిగిరాదు, మన నడతతో ఏర్పడుతుంది. ఇంత తేటగా ఇతిహాసమే చెబుతుండగా, దానిపేరు చెప్పి పిల్లలకు నిరాశను బోధిస్తున్నాం.

మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పకుండా ఉండలేను. మా తంగళ్ళపల్లికి దగ్గరలోనే వేములవాడ. 10వ శతాబ్దిలో చాళుక్య రాజు రెండవ అరికేసరి అక్కడినుండి ఏలాడు. ఆయన ఆస్థానకవి పంపడు కన్నడంలో భారతం చెబుతూ తన ప్రభువును అర్జునునితో అభేదం చేశాడు. వీరయుగాన్ని అద్దెకు తెచ్చి సమకాలీనుని భుజాన కప్పడం మనవైపు వెయ్యేళ్ళనాడే జరిగిన పని! అదే కాలంలో పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్టమీద శాసనం వేయించాడు. అందులో తెలుగు కందాలున్నాయి. మన భాషాభిమానులందరూ గర్వంగా చెప్పుకునేవి అవే. ఆ శాసనంలో బసదితోపాటు ఒక చెరువు, ఒక తోట ప్రస్తావన ఉన్నాయి. అన్న రాజును అర్జునుణ్ణి చేశాడు, తమ్ముడు చెరువును చెప్పాడు. మా పొడినేలల మనిషిని నేను. నాకు చెరువు మీదనే మక్కువ. ఆ చెరువు తవ్వినవారి పేర్లు మనకు తెలియవు, ఆ అక్షరాలు రాతిలో చెక్కిన ఉలి ఎవరిదో తెలియదు. వీరయుగం కథలో వారికి చోటు ఉండదు మరి.

ఇక విజ్ఞానశాస్త్రం. ఇక్కడ ఈ జాడ్యం రెండు రూపాల్లో కనబడుతుంది. మొదటిది, అన్నీ మన పూర్వులే కనిపెట్టారనడం. 2015లో ముంబయి సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాలపై ఉపన్యాసం జరిగింది. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో, అదీ పిల్లల ముందు, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులు పరీక్షనాళిక శిశువులన్నారు, రావణునికి ఇరవైనాలుగు రకాల విమానాలున్నాయన్నారు. తెలుగువాడినైనందుకు నేను తలదించుకున్నాను. 'వైమానికశాస్త్రం' అనే గ్రంథాన్ని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1974లోనే పరీక్షించి, అది 20వ శతాబ్దిలో పుట్టినదనీ, అందులోని యంత్రాలు ఎగురలేవనీ తేల్చారు. పుష్పకం కవి కల్పన. కల్పనగానే దాని విలువ అపారం. దానికి ఇంజను బిగించబోతే కావ్యమూ చెడుతుంది, శాస్త్రమూ చెడుతుంది.

రెండవ రూపం కాస్త మర్యాదస్తుల జాడ్యం. న్యూటన్, ఐన్‌స్టీన్, రామన్ వంటివారితో వీరుల కాలం ముగిసిందనడం. దీనికి సికిందరాబాదులోనే జవాబుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ దోమలు కుట్టింది ఎవరిని? హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. జ్వరంతో మంచంమీద పడుకుని దోమలకు ఒళ్ళు అప్పగించిన ఆ మనిషి ఏ యుగానికి చెందినవాడు? రాస్ ప్రతిభను తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఆ అణాల లెక్క కూడా కలిపితేనే అది పూర్తి చరిత్ర అంటున్నాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. న్యాయమైన ఆక్షేపణ. అణగిన జాతికి వీరగాథ ఊపిరి కాదా? అవును. 20వ శతాబ్ది తొలినాళ్ళలో ఆంధ్రుల పూర్వవైభవాన్ని తవ్వి తీసినవారు పరపాలనలో వంగిన వెన్నెముకలను నిటారు చేశారు. మా జిల్లాలో అనభేరి ప్రభాకరరావు 1948లో నైజాము బలగాలతో పోరాడి మహమ్మదాపురం గుట్టల్లో అమరుడయ్యాడు. ఆయన పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. వీరుణ్ణి తలచుకోవద్దని నేననడం లేదు. వీరుణ్ణి తలచుకుంటే ధైర్యం కలుగుతుంది, వీరయుగాన్ని కొలిస్తే దైన్యం మిగులుతుంది. ఆయన భయపడదగిన కాలంలో భయాన్ని జయించిన మనిషి అంటే, నేనూ ప్రయత్నించవచ్చు. ఆయన వేరే యుగపు మనిషి అంటే, చేతులు ముడుచుకుని కూర్చోవడానికి నాకు మంచి సాకు దొరికినట్టే.

చివరగా నా ప్రాయశ్చిత్తం. కొన్నేళ్ళ క్రితం, ఇంకా ఉద్యోగంలో ఉండగా, ఢాకా మస్లిన్ గురించి చెబుతూ, అగ్గిపెట్టెలో పట్టే చీరలు నేసిన చేతులు ఆ యుగంతోనే పోయాయని అలవాటుగా అనేశాను. మానేరు అవతల సిరిసిల్లలో నల్ల పరంధాములు మన కాలంలోనే అటువంటి చీర నేసి చూపిన సంగతి నాకు తెలిసీ, నోటికి వచ్చిన వాక్యం ఆగలేదు. వెనుక బల్లమీది పిల్లవాడు లేచాడు. "సార్, మా నాయిన రాత్రంత సాంచెలు నడుపుతడు. మా అమ్మ కండెలు చుడుతది. వాళ్ళది ఏ యుగం సార్?" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను "కూర్చో" అన్నాను. నా ఉద్యోగజీవితంలో నేను సిగ్గుపడే మాటల్లో అది మొదటిది.

ఆ రోజుల్లో సిరిసిల్ల పేరు పత్రికల్లో ఎక్కువగా కనిపించింది నేతకార్మికుల ఆత్మహత్యల వార్తల్లో. అప్పుల కింద నలిగిన మనిషికి, నీవు అల్ప యుగపు అల్పుడివని మేము పాఠం కూడా చెప్పాం. వాడికి కావలసింది కూలి, వైద్యం, అప్పునుండి విడుదల. వాటి గురించి అడగవలసిన నోళ్ళను మేము పూర్వవైభవపు వర్ణనలతో నింపాం. వీరయుగ భావన చేసే అసలు హాని ఇదే. ఈనాటి అన్యాయాన్ని అది కాలధర్మంగా మార్చి, అడగవలసిన ప్రశ్నను అడగనివ్వదు.

ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. భివండికి పోయాడో, గల్ఫుకు పోయాడో. కనబడితే ఇలా చెబుతాను: నాయనా, మీ నాయినది నీ యుగమే, నీది నా యుగమే. భీష్ముడు చెప్పినట్టు అది ఎలాంటిదవుతుందో నడిపేవారి చేతిలో ఉంది. మనదిప్పుడు ప్రజల పాలన గనుక ఆ నడిపేవారిలో నీవూ ఉన్నావు.

మీలో ఉపాధ్యాయులున్నారు, తల్లిదండ్రులున్నారు. ఈసారి వేదికమీద ఎవరైనా పిల్లలను అల్పులంటే దయచేసి చప్పట్లు కొట్టనివ్వకండి. నేను ఆనాడు శాలువా కప్పుకుని మౌనంగా కూర్చున్నాను. ఇకమీద కూర్చోను.

స్వస్తి.