శాంతికి చరిత్ర లేదా?

చరిత్ర అనగానే మన విద్యార్థులకు యుద్ధాల పట్టిక గుర్తుకు వస్తున్నది. 1565 తళ్లికోట, 1757 బొబ్బిలి అని తడుముకోకుండా చెప్పగలరు. ఆ తేదీల నడుమ ప్రజలు ఏ విధంగా జీవించినారని అడిగితే మాత్రం మౌనమే సమాధానం. ఈ లోపం విద్యార్థులది కాదు. ప్రశాంతంగా గడచిన సంవత్సరాలకు పుటలు కేటాయించని పాఠ్యపద్ధతిది. మన శ్రీకాకుళానికి సంబంధించిన ఒక శాంతికాలాన్ని తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించదలచినాము.

17వ శతాబ్దంలో మన ప్రాంతం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. 1630-32 నాటి ఘోర క్షామం దక్కనును పీడించి వెళ్లిన కొద్దికాలానికే, 1636లో, మొగల్ చక్రవర్తి షాజహాన్ సైన్యసమేతుడై దౌలతాబాదుకు వచ్చినాడు. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా యుద్ధానికి దిగక సంధికి అంగీకరించినాడు. ఖుత్బాలోను, నాణేలపైనను చక్రవర్తి పేరు చేర్చుటకు, ఏటేటా రెండు లక్షల హొన్నుల కప్పం చెల్లించుటకు ఒప్పుకున్నాడు. అభిమానధనులకు ఇది తలవంపే. కాని ఆ సంధి ఫలితంగా సుమారు 20 సంవత్సరాలు గోల్కొండపై మొగలుల దండయాత్ర జరుగలేదు.

ఆ వ్యవధిలో ఏమి జరిగినది? ఢిల్లీలో ఎర్రకోట నిర్మాణం సాగుతున్న రోజులలోనే, 1641లో, శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ ఇక్కడి జామియా మసీదును కట్టించినాడు. 1652లో ఆయన వెంట ఈ సీమకు వచ్చినవారే విజయనగర పూసపాటి వంశానికి, బొబ్బిలి సంస్థానానికి మూలపురుషులని చెప్పుదురు. షేర్ అనగా ఉర్దూలో పులి. ఆదరించిన ఫౌజుదారు పేరు మీదుగా ఊరికి బెబ్బులి అని పేరుపెట్టగా అదే బొబ్బిలి అయినదని ఐతిహ్యం. గోల్కొండలో గవ్వాసీ 'తూతీనామా' 1639లోను, ఇబ్నె నిషాతీ 'ఫూల్‌బన్' 1655లోను వెలువడినవి. కుతుబ్‌షాహీ ఫర్మానాలు పారసీతోపాటు తెలుగులోను వ్రాయబడేవి. రెండు భాషలు ఒకే కాగితంపై ఇమడగలవని ఆ కాలపు లేఖకులకు ఎవరూ ఉపదేశించనక్కరలేకపోయినది.

ఇది ఏకపక్షమైన పొగడ్త అని కొందరు ఆక్షేపించవచ్చును. ఆ ఆక్షేపణలో సత్యం కలదు. ఉత్తరపు సరిహద్దు నిశ్చింత కాగానే గోల్కొండ సైన్యం మీర్ జుమ్లా నాయకత్వంలో కర్ణాటకంపైకి నడచినది. 1650లో గండికోట పడిపోయినది. ఆ దాడులలో నలిగినవారు కూడా తెలుగువారే. షాజహాన్ సైతం 1646లో బల్ఖుకు, 1649లో ఖాందహారుకు సేనలను పంపినాడు. ఒకరికి శాంతి లభించినప్పుడు యుద్ధం ఎవరి వాకిటికి చేరినదని కూడ విచారించవలెను. ఆ ప్రశ్న లేని శాంతి స్తోత్రం రాజుల స్తోత్రమే అవుతుంది.

ఇక ఆ శాంతి భగ్నమైన తీరు మరింత గమనింపదగినది. సంధి నాటికి హొన్ను విలువ నాలుగు రూపాయలు. తరువాత అది క్రమంగా అయిదు రూపాయలకు పెరిగినది. గోల్కొండ పాత లెక్క ప్రకారమే ఏటా ఎనిమిది లక్షల రూపాయలు చెల్లిస్తూ వచ్చినది. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు గడచిన సంవత్సరాల తేడా సొమ్మంతా చెల్లించవలెనని పట్టుబట్టినాడు. దానికి మీర్ జుమ్లా వివాదం తోడయినది. 1656 జనవరిలో మొగల్ సేన హైదరాబాదులో ప్రవేశించి దోచుకున్నది. షాజహాన్ ఆజ్ఞతో గోల్కొండ ముట్టడి అప్పటికి ఆగినను, 1687లో రాజ్యమే అంతరించినది. ఆశలు, అసూయలు వెనుక ఉండవచ్చును గాక. వాటికి సాకుగా దొరికినది ఎవరూ సకాలంలో సరిచూడని ఒక లెక్క.

షేర్ మహమ్మద్ ఖాన్ వెంట కలిసి వచ్చిన రెండు వంశాల సంతతివారు 1757 జనవరి 24న బొబ్బిలి కోట వద్ద తలపడినారు. ఆ ఒక్కరోజును కథకులు పాడినారు. 1964లో చలనచిత్రంగా చూచినాము. అంతకు ముందు నూరేండ్లకు పైగా వారు ఇరుగుపొరుగుగా ఉన్న కాలాన్ని పాడినవారు అరుదు. చరిత్రను కలహానికి ఆయుధశాలగా చేసుకొనువారు అన్ని మతాలలోను ఉన్నారు. యుద్ధాలు మాత్రమే నేర్చిన విద్యార్థి వారి చేతికి సులభంగా చిక్కును.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. ప్రతి సంవత్సరం మన జిల్లాల శాంతికాల చరిత్రపై ఒక వ్యాసపోటీ నిర్వహించి, ఉర్దూ విద్యార్థిని, తెలుగు విద్యార్థిని జతగా ఆ పనికి నియోగించవలెను. వారు మసీదును, కోటను, పాత దస్తావేజులను కలిసి పరిశీలింతురు గాక. విద్యార్థులారా! పెద్దలు నిర్మించినదానిని చూచి గర్వపడుట తేలిక. అది ఏ ఒప్పందం నీడలో నిలిచినదో, ఆ ఒప్పందానికి మూల్యం ఎవరు చెల్లించినారో తెలిసికొనుడు. నేడు మీ తరగతిలో, మీ వీధిలో పెరుగుచున్న చిన్న లెక్కలను పెద్దవి కాకముందే సరిచూచుకొనుడు.