పోడు చేలలో సార్థకత

నల్లరేగడి నేలలోను, భద్రాచలం అటవీ సరిహద్దులోని పోడు చేలోను ఒకే ప్రయోగం జరిపినప్పుడు నివేదికల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: మైదానంలో ఫలితం సార్థకం, అటవీ ప్రాంతంలో సార్థకం కాదు. ఇంతవరకు అభ్యంతరం లేదు. దాని నుంచి ‘ఈ పద్ధతి పోడు భూములకు తగదు’ అనే నిర్ణయానికి దూకడమే అశాస్త్రీయం.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. కొత్త ఎరువుల యాజమాన్యంతో మొక్కజొన్న దిగుబడి నల్లరేగడిలో ఎకరాకు 3 క్వింటాళ్లు పెరిగింది, ప్రామాణిక దోషం 1. పోడు చేలో 2 క్వింటాళ్లు పెరిగింది, ప్రామాణిక దోషం 1.5. మొదటిది 5 శాతం స్థాయిలో సార్థకం, రెండవది కాదు. ఇప్పుడు ఈ రెండు పెరుగుదలలను ఒకదానితో ఒకటి పోల్చండి. వాటి మధ్య భేదం 1 క్వింటాలు, ఆ భేదానికి ప్రామాణిక దోషం సుమారు 1.8. రెండు చోట్లా ఎరువు వేర్వేరుగా పనిచేసిందనడానికి ఇందులో ఆధారం లేదు. ఒకే విధంగా పనిచేసిందని రుజువైందనీ అనలేము.

పోడు చేలో దోషం ఎందుకు పెరుగుతుందో అశ్వారావుపేటలో చదువుకునే విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. నేల వాలు, మధ్యలో మోడులు, ఒక మడి రాళ్లమయం, పక్క మడి ఒకప్పుడు కొమ్మలు కాల్చిన చోటు, ఆపైన అడవి పందులు. వాగులు పొంగితే పరిశీలనకు వెళ్లడమే కష్టం కనుక పునరావృతులూ తగ్గిస్తాము. మన కొలతలోని బలహీనతను చివరకు పద్ధతి లోపంగా రాస్తే, సిఫారసుల పట్టికలో కోయ రైతుకు ఎదురుగా ఖాళీ గడి మిగులుతుంది.

ఈ పొరపాటు మనకే పరిమితం కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన ముగ్గురు పరిశోధకులు 2011లో ‘నేచర్ న్యూరోసైన్స్’లో నాడీశాస్త్ర రంగపు 513 పత్రాలను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. రెండు ప్రభావాలను పోల్చినవి వాటిలో 157. సరైన పరీక్ష చేసినవి 78, తప్పుదారి పట్టినవి 79. జన్యుమార్పు చేసిన ఎలుకల్లో ప్రభావం సార్థకం, మామూలు ఎలుకల్లో కాదు, కాబట్టి రెండూ భిన్నం అనే తరహా తర్కమే అది. విచిత్రమేమంటే, దీనికి విరుగుడైన పరస్పర ప్రభావ విశ్లేషణను ఫిషర్ తీర్చిదిద్దింది రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో, పొలాల దత్తాంశాలతోనే. మన పాఠ్యప్రణాళికలో అది ఎప్పటి నుంచో ఉంది.

రెండు ప్రాంతాల దత్తాంశాలను కలిపి, ‘ప్రాంతం × పద్ధతి’ పరస్పర ప్రభావాన్ని పరీక్షించాలి. దోషాలు సమానంగా ఉన్నాయో లేదో ముందుగా బార్ట్‌లెట్ పరీక్షతో చూసి, లేకపోతే భారిత విశ్లేషణ చేయాలి. పట్టికలో నక్షత్రపు గుర్తుతో సరిపెట్టక, పెరుగుదలను విశ్వాస అవధులతో సహా ఇవ్వాలి. వైద్య పరిశోధకులు రోగికి అనుభవంలోకి వచ్చే కనీస మార్పును ముందుగా నిర్ణయించుకుంటారు. మనమూ ఎరువు ఖర్చు తిరిగి రాబట్టే కనీస పెరుగుదల ఎంతో ముందే లెక్కగట్టి, దానిని పసిగట్టగలిగినన్ని పునరావృతులు వేయాలి. పోడు ప్రాంతంలో ఒకే చేలో నాలుగు పునరావృతుల కన్నా పన్నెండు మంది రైతుల చేలలో ఒక్కొక్కటి వేసి, ప్రతి రైతు చేనును ఒక బ్లాకుగా తీసుకోవడం మేలు. తిరుగుడు పెరుగుతుంది, ప్రయాణ భత్యం బిల్లూ పెరుగుతుంది. ప్రయోగ ప్రతిపాదనలోనే ఆ ఖర్చు చూపించాలి.