స్త్రీలు – శాస్త్రోద్యోగములు

పరీక్షాఫలితములు వెలువడు దినములలో మా కమలాపురమున అరుగులమీది ప్రసంగములను మేము వినుచుందుము. గణితమున మంచి మార్కులు తెచ్చుకొన్న బాలుని జూచి "వీడెంతవరకు చదువునో!" యని మురియుదురు. అవే మార్కులు తెచ్చుకొన్న బాలికను జూచి "దీని పెండ్లి యెప్పుడు?" అని యడుగుదురు. అడుగువారు తరచుగా స్త్రీలమే! ఈ ప్రశ్న ఇంటితో నాగునని తలపవలదు. అది విద్యాలయములకును, పరిశోధనాలయములకును ఆడుబిడ్డ వెంటనే పోవును.

మన తెలుగింటి బిడ్డ అయ్యలసోమయాజుల లలితగారి చరిత్రము చూడుడు. ఆమె 1919లో మదరాసున జనించిరి. పదునెనిమిదవ యేట భర్తను గోల్పోవునాటికి ఒడిలో నాలుగునెలల పసిపాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన పూనికచే 1940లో ఆమెకు అచ్చట విద్యుచ్ఛాస్త్రమున ప్రవేశము లభించెను. 1943లో చదువు ముగియగా, పట్టాపత్రమున ముందే అచ్చువేసియున్న "అతడు" అను ఆంగ్లపదమును కొట్టివేసి "ఆమె" అని వ్రాయవలసి వచ్చినదట! 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమాంతర్జాతీయ మహాసభకు ఆమె వెళ్లిరి. తండ్రి ఆ కళాశాలలో ఆచార్యుడు కాని బాలికల గతి యేమి?

నేడు మన కడపలోనే విశ్వవిద్యాలయము కలదు. తలుపులు తెరచియే యున్నవి. కాని పత్రముమీది పదము మారినంత సులభముగా మనస్సు మారదు. 2012లో అమెరికాలో జరిగిన యొక పరిశీలనమే యిందుకు సాక్ష్యము. ప్రయోగశాల నిర్వాహకోద్యోగమునకు ఒకే దరఖాస్తును వ్రాసి, కొన్ని ప్రతులపై జాన్ అను పురుషనామమును, కొన్నిటిపై జెన్నిఫర్ అను స్త్రీనామమును ఉంచి, 127 మంది శాస్త్రాచార్యులకు చూపిరి. జాన్ ఎక్కువ సమర్థుడని వారు తలచిరి. అతనికి ఏటికి సుమారు 30,200 డాలర్లును, జెన్నిఫరుకు సుమారు 26,500 డాలర్లును జీతముగా నిర్ణయించిరి. యోగ్యతలలో అక్షరమైనను భేదము లేదు. స్త్రీలైన ఆచార్యులును పురుషులవలెనే తీర్పుచెప్పిరి!

వారు దుర్మార్గులని మేమనము. చిన్ననాట విన్న మాటయే పెద్దయైన పిదప తీర్పగును. ఆ మాట మన అరుగులమీదనే పుట్టుచున్నది గనుక, దిద్దుబాటును మనమే మొదలిడవలెను. బాలుని అడిగిన ప్రశ్ననే బాలికను గూడ అడుగుదము. ప్రయోగమును నడుమ విడిచి రాలేక కోడలు ప్రొద్దుపోయి ఇల్లు చేరినచో, కొడుకునకు మూసియుంచినట్లే ఆమెకును సంగటిముద్ద మూసియుంచుదము.