సంతకం కోసం ఆగిన ఆట

సూరత్ లింబాయత్‌లో ఓ ఇంటి గుమ్మం. తల్లి చీరకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. పక్కనే కూర్చున్న కూతురు ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కో కాగితమే తీసి నాకిచ్చింది. పదో తరగతి మెమో, ఆధార్, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్. అన్నిటికన్నా అడుగున, పాత కాలేజీ సంతకం చోటు ఖాళీగా ఉన్న ఎలిజిబిలిటీ ఫారం. కబడ్డీ ఆడే పిల్ల. మోచేతి మీద గీరుకుపోయిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. తండ్రి సిరిసిల్లలో సాంచాలు వదిలి ఇక్కడి మరమగ్గాల్లో పనికొచ్చాడు. దాంతో డిగ్రీ మధ్యలో ఆమె కాలేజీ మారాల్సి వచ్చింది.

"రెండు నెలల సంది తిరుగుతున్నం సార్, ఒక్క సంతకానికి" అంది తల్లి. ఈలోగా జట్టు ఎంపిక ముగిసింది.

సూరత్‌కు మనవాళ్ల వలస ఈనాటిది కాదు. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడుపుతోందంటేనే ఎందరున్నారో ఊహించుకోవచ్చు. సిరిసిల్ల రేషన్ కార్డు మీద సూరత్‌లో బియ్యం తెచ్చుకునే వీలు వచ్చింది. ఆట మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోతోంది.

కాలేజీ మారినవాళ్లు ఆడాలంటే పాత కాలేజీ ఒప్పుకోవాలన్న నిబంధనలు ఊరికే రాలేదు. పోటీలకు ముందు మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోయి, తరగతి ముఖం చూడనివాళ్లను విద్యార్థులుగా చూపే కాలేజీలున్నాయి. వాటిని ఆపాల్సిందే. కానీ తప్పు కాలేజీదైతే శిక్ష పిల్లలకా? అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 25 ఏళ్లు దాటితే చోటు లేదు. ఫైలుకు ఏడాది ఓ లెక్క కాదు, రైడర్ కాళ్లకు అది చాలా ఎక్కువ.

పేరున్నవాళ్లకు దారులు దొరుకుతాయి. క్రికెటర్ అంబటి రాయుడు హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, ఆ తర్వాత విదర్భ జట్లకూ ఆడాడు. క్రికెట్‌లోనూ రాష్ట్రం మారాలంటే పాత సంఘం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. అయితే అలాంటి ఆటగాడి కోసం కొత్త సంఘమే కదులుతుంది. నేతపనివాడి బిడ్డ కోసం ఎవరు కదులుతారు?

ఇలాంటి నిబంధనలు మార్చుకోవచ్చు. అమెరికాలో కాలేజీ మారిన ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో మొదటి మార్పుకు ఆ షరతు తీసేశారు. 2024లో, చదువు సరిగా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా ఆడొచ్చన్నారు. అక్కడ డబ్బు రాజ్యమేలుతోంది, ఆ పద్ధతంతా మనకు అక్కర్లేదు. చదువునే కొలబద్దగా పెట్టుకోవడం మాత్రం తెచ్చుకోదగ్గదే. సంతకం అడిగాక పాత కాలేజీ 15 రోజుల్లో కారణం చెప్పి కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్కించాలి. దొంగ అడ్మిషన్ బయటపడితే ఆ కాలేజీ జట్టునే పక్కన పెట్టాలి.

ఆ అమ్మాయి ఫారాన్ని మడత పడకుండా కవర్లో పెట్టుకుంది. వచ్చే ఏడాది ఆమెకు డిగ్రీలో ఆఖరుది.