ట్రాలీ టైరులో గాలి ఎవరు చూడాలి?

దసరా, దీపావళి పండుగలు దాటగానే షోలాపూర్ చుట్టుపక్కల రోడ్ల మీద ఏటా కనిపించే దృశ్యం ఒకటుంది. ముందు ఒక ట్రాక్టరు, దాని వెనుక ఒకటో రెండో ట్రాలీలు. వాటి నిండా జొన్నల మూటలు, వంట గిన్నెలు, గుడిసె వేసుకునే కర్రలు, పట్టాలు. ఆ మూటల మీద తల్లులు, పిల్లలు, ముసలివాళ్ళు. మరాఠ్వాడా నుంచి, ముఖ్యంగా బీడ్ జిల్లా నుంచి, పశ్చిమ మహారాష్ట్రకూ ఉత్తర కర్ణాటకకూ చెరకు నరకడానికి వెళ్ళే కుటుంబాలివి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్ళీ ఇలాగే తిరిగి వస్తారు. విదేశాల్లో కొందరు పడక, వంటగది ఉన్న మోటారు ఇళ్ళలో సెలవులకు తిరుగుతారు. వీళ్ళకు ఇల్లు చక్రాల మీదికి ఎక్కేది బతుకుతెరువు కోసం.

ఆ చక్రాల సంగతి ఎవరు చూస్తున్నారన్నదే ఈ నెల మన ప్రశ్న.

టైరు పేలిందని విన్నప్పుడు మనం ఎండ మీదా, రోడ్డు మీదా, చివరికి తలరాత మీదా తప్పు వేస్తాం. చాలాసార్లు అసలు కారణం గాలి తక్కువ కావడం. గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ నలిగి మళ్ళీ లేస్తుంది. ఆ నలుగుడుకు వేడి పుడుతుంది. బరువు ఎక్కువైనా, వేగం పెరిగినా ఆ వేడి ఇంకా పెరుగుతుంది. లోపలి దారాల పొరలు రబ్బరు నుంచి విడిపోతాయి. పైకి ఏమీ కనిపించదు. ఒకచోట అది ఒక్కసారిగా తెగిపోతుంది. గాలి మరీ ఎక్కువైనా ప్రమాదమే. టైరు మధ్యభాగం మాత్రమే రోడ్డును తాకుతుంది, పట్టు తగ్గుతుంది.

ట్రాక్టరు ముందు టైరు మెత్తబడితే స్టీరింగు లాగుతుంది, డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. ట్రాలీ టైరు మెత్తబడితే చాలాసార్లు ఏమీ తెలియదు. ఇంజను చప్పుడు, వెనుక బరువు, రెండో ట్రాలీ ఊపు, వీటి మధ్య ఆ సంగతి అతని దాకా రాదు. ట్రాలీ మీద కూర్చున్నవాళ్ళకు ఏదో తేడాగా ఉందని అనిపించినా, వాళ్ళ కేక ముందుకు వినబడదు. రెండు చక్రాల ట్రాలీకి ఒక పక్క టైరు పోతే ఆ పక్క ఆసరా ఇంకేమీ ఉండదు. మూటల మీద ఎత్తుగా కూర్చున్న మనుషులు ముందు పడిపోతారు.

చెరకు సీజను ఆరు నెలలు. మిగతా కాలమంతా ట్రాలీ చేను గట్టునో పెరట్లోనో ఎండకు ఎండి, వానకు తడుస్తూ ఒకే చోట నిలబడి ఉంటుంది. అరుగుదల లేదు కాబట్టి టైరు కొత్తగానే ఉందని అనుకుంటాం. అయితే రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. పక్కగోడలో సన్నని పగుళ్ళు వస్తాయి, గాలి మెల్లగా దిగిపోతుంది, నేలను ఆనుకున్న చోట చదునవుతుంది. టైరు వయసు దాని పక్కగోడ మీదే అచ్చై ఉంటుంది. నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. ఇది చదవడానికి మెకానిక్కు అక్కరలేదు, బడికెళ్ళే పిల్లవాడు చాలు.

బయలుదేరేముందు చూడవలసినవి కొన్నే. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు, గేజితో చూడాలి. కాలితో తన్ని చూస్తే తెలియదు. ఎంత గాలి ఉండాలో వాహనం తయారుచేసినవారు చెప్పిన లెక్క ఉంటుంది. టైరు భరించగల అత్యధిక బరువు, గాలి పక్కగోడ మీద ఉంటాయి. దారిలో వేడెక్కిన టైరులో గాలి పెరిగినట్టు కనిపిస్తే దాన్ని వదిలేయకూడదు, చల్లబడ్డాక అదే తక్కువైపోతుంది. జంట చక్రాలుంటే లోపలి టైరును తప్పనిసరిగా చూడాలి. అది మెత్తబడితే దాని బరువంతా బయటి టైరు మోస్తుంది, తర్వాత అదీ పోతుంది. పక్కగోడ ఉబ్బినా, దారాలు బయటపడినా ఆ టైరు మీద మనిషిని ఎక్కించకూడదు. నట్ల చుట్టూ తుప్పు చారలు ఉంటే అవి వదులయ్యాయేమో చూడాలి. చక్రం మార్చిన తర్వాత కొంత దూరం పోయాక నట్లు మళ్ళీ బిగించాలి. దారిలో ఆగినప్పుడు అరచేతి వెనుకభాగాన్ని చక్రం దగ్గరగా పెట్టి చూస్తే, మిగతావాటికన్నా ఏది ఎక్కువ వేడిగా ఉందో తెలిసిపోతుంది.

ఇంత తేలికైన పని ఎందుకు జరగడం లేదు? ట్రాలీ యజమానికి టన్ను లెక్కన డబ్బు వస్తుంది. టైరు పెద్ద ఖర్చు. అందుకే వచ్చే నెల చూద్దామంటాడు. ఫ్యాక్టరీని అడిగితే రవాణా కాంట్రాక్టరుదంటుంది. అతను ముకద్దం వైపు చూపిస్తాడు. ముకద్దం దగ్గర ముందే ఉచల్ తీసుకున్న కుటుంబం, ఈ బండి ఎక్కమని చెప్పగలదా? పని చేయలేకపోతే ఆ బాకీ తర్వాతి సీజనుకు మారుతుంది. కాలు విరిగినా బాకీ బాకీయే.

చట్టం వైపు చూసినా దిగులే. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. సరుకు వాహనంలో ఊరికే ఎక్కినవారికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002లో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే ప్రమాదం జరిగిన రోజున చాలా కుటుంబాలకు చేతికి వచ్చేది ఏమీ ఉండదు. వలస కార్మికుల ప్రయాణ ఖర్చు కాంట్రాక్టరే భరించాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఆనాడే చెప్పింది. ప్రయాణ ఖర్చు అతనిదైనప్పుడు, ఆ ప్రయాణం క్షేమంగా ఉండేలా చూడవలసిందీ అతనే.

అందుకే మనం అడగవలసినవి రెండున్నాయి. మొదటిది, సామాను ట్రాలీలో వెళ్ళినా మనుషులు బస్సులో వెళ్ళాలి. రెండోది, చెరకు ట్రాలీ ప్రతి ఒక్కటీ ఫ్యాక్టరీ కాటా దగ్గర ఆగుతుంది. అక్కడ బరువు చూసే మనిషి ఉన్నాడు. గేజి పట్టుకుని టైరు చూసే మనిషి కూడా ఉండాలి. చెడ్డ టైరుతో వచ్చిన ట్రాలీని వెనక్కి పంపే అధికారం అతనికి ఉండాలి.

ఇతరులను అడిగేముందు మనల్ని మనం చూసుకుందాం. బళ్ళారి పక్కన, రాయగడ వైపు, హోసూరు పల్లెల్లో, యానాంలో మన సంఘాలు కూడా సభలకూ పెళ్ళిళ్ళకూ విశ్వాసులను ట్రాలీల్లో, చవకగా దొరికిన పాత వ్యానుల్లో తరలిస్తున్నాయి. బాడుగ ఎంతని బేరమాడతాం కానీ టైర్లు ఎలా ఉన్నాయని అడగం. కారు, వ్యాను వంటి వాటి టైరు గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన ఉందని మనలో ఎందరికి తెలుసు? క్షేమంగా చేర్చమని ప్రార్థించి బండి ఎక్కుతాం. ప్రార్థన మంచిదే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ఉంది. ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటివాడిదే. పడినవాడిని జాగ్రత్తగా ఉండాల్సిందని అక్కడ తప్పు పట్టలేదు. ఇల్లు ఎవరిదో, పిట్టగోడ బాధ్యత కూడా వారిదే. బండి విషయంలోనూ అంతే. కాపరి, సంఘ పెద్దలు బండి మాట్లాడితే టైర్ల బాధ్యత వారిది.

ప్రతి సంఘంలో యువకులు ఇద్దరు ఈ పని తీసుకోవచ్చు. కావలసింది ఒక గేజి, ఒక టార్చి, పది నిమిషాలు. టైరు బాగాలేదని వాళ్ళు చెబితే, ఆలస్యమైనా సరే, బండి మార్చాలి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక బయట నిలబడి ఉన్న వాహనం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. లోపలి టైరు కూడా వంగి చూడండి.