ఒక చిన్న సర్వనామం, పెద్ద తగవు

కంప్యూటరు పనివారి లోకంలో పదేళ్ళకు పైబడి ఒక తగవు నడుస్తున్నది. తగవు పెద్దదే గాని, దానికి మూలమైన మాట బహు చిన్నది. ఇంగ్లీషులో అది రెండక్షరాల సర్వనామం. తెలుగులో 'అతడు' అని అర్థం. ఆ 'అతడు' ఉన్న చోట 'వారు' అనవలెనా, అననక్కర లేదా అన్నదే ప్రశ్న. ఎక్కడో జరిగిన ఈ తగవు ధర్మపురి తెలుగువారి పత్రికకెందుకని చదువరులు అడుగవచ్చును. మన యిండ్ల పిల్లలు ఎందరో హోసూరు, బెంగుళూరు వెళ్ళి ఆ పనులలోనే ఉన్నారు. అది ఒక కారణం. మన సంఘపు ఫారములలో కూడా ఆ 'అతడే' తిష్ఠ వేసుకొని కూర్చున్నాడు. అది రెండవ కారణం. అసలు కారణం ఈ రెండవదే.

ముందు ఆ లోకపు పద్ధతి కొంచెం చెప్పుకోవలె. సాధారణంగా కంపెనీలవారు తమ ప్రోగ్రాముల లోపలి రాతను బయటివారికి చూపరు. విస్తరి వేసి వడ్డిస్తారు గాని, వంటింటిలోకి రానివ్వరు. ఓపెన్ సోర్స్ అనే పద్ధతి వేరు. అక్కడ రాతనంతటినీ అందరి ముందూ పెడతారు. ఎవరైనా చదువవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. వచ్చిన దిద్దుబాట్లను సరిచూచి చేర్చుకొనే పెద్దలు కొందరుంటారు. ఈ పని కొందరు జీతానికి చేస్తారు, ఎందరో జీతం లేకుండా చేస్తారు. ఊరంతా కలిసి చెరువు పూడిక తీసినట్లన్నమాట. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు అడుగున ఉన్న లినక్సు ఇట్లా తయారైనదే.

ప్రోగ్రాము పంక్తుల నడుమ, పక్కనుండే కాగితాలలో, మనుషులు చదువుకొనేందుకు వివరణలు రాస్తారు. మూలానికి టీక వంటివి అవి. యంత్రానికి ఆ టీకతో పని లేదు. తగవు వచ్చినది ఆ టీకలోనే.

2013 నవంబరులో జరిగినది మొదట చెబుతాము. నోడ్ జేయస్ అనే ప్రసిద్ధ సాధనానికి ఆధారంగా లిబ్‌యూవీ అనే ప్రోగ్రాము ఉన్నది. దాని వివరణలో 'అతడు' అన్న చోట ఆడవారికీ మగవారికీ చెల్లే మాట పెట్టి ఒకరు దిద్దుబాటు పంపారు. సరిచూచే పెద్దలలో ఒకాయన, ఇట్టి చిల్లర మార్పులు అక్కరలేదని తిప్పి పంపాడు. మరొక పెద్ద దానిని చేర్చాడు. మొదటి ఆయన, పద్ధతి ప్రకారం జరుగలేదంటూ తీసివేశాడు. ఇక రచ్చ మొదలైనది. ఆ పనికి అండగా ఉన్న జాయెంట్ కంపెనీవారు, ఆయన తమ ఉద్యోగి అయి ఉంటే ఉద్యోగం తీసివేసి ఉండేవారమని బహిరంగంగా రాశారు. ఆయన వారి ఉద్యోగి కాడు. డచ్చి దేశస్థుడు, ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు. చివరకు మాట మారినది. ఆయన ఆ బాధ్యత విడిచి తప్పుకొన్నాడు.

రెండవది సెరినిటీ ఓయస్ అనే ప్రాజెక్టులో జరిగినది. 2021లో ఒకరు అక్కడి సూచనలలోని 'అతడు'ను మార్చి పంపితే, సొంత రాజకీయాలకు ఇది చోటు కాదని జవాబు వచ్చినది. అప్పటికి ఆ మాట అణిగినది. ఆ ప్రాజెక్టు నుండి పుట్టిన లేడీబర్డ్ అనే బ్రౌజరు 2024 జూలైలో సొంత సంస్థగా నిలబడగానే, పాత జవాబును ఎవరో తవ్వి బయటికి తీశారు. మళ్ళీ రచ్చ. మళ్ళీ మాట మారినది.

ఉభయ పక్షాల వాదమూ వినవలసినదే. వద్దనేవారు అనేది ఇది: మేము చేసేది యంత్రం పని. 'అతడు' అన్నంత మాత్రాన ఆడవారిని రావద్దన్నట్లా? మేము బళ్ళో నేర్చిన వ్యాకరణమే అది. మాటల వెంట పడితే పని ఎప్పుడు సాగుతుంది? పైగా ఇంగ్లీషు పుట్టుభాష కానివాణ్ణి ఒక సర్వనామానికి పట్టుకొని బజారున నిలబెట్టడం న్యాయమా?

ఈ చివరి మాట మా మనసుకు తగిలినది. రేపు హోసూరు కుర్రవాడెవడో బడిలో నేర్చిన ఇంగ్లీషుతో నాలుగు పంక్తులు రాసి, అదే స్థితిలో పడవచ్చును. వానిని పక్కకు పిలిచి 'నాయనా, ఈ మాట ఇట్లా మార్చు' అంటే సరిపోయేది. దేశమంతా కలిసి వానిపై పడనక్కర లేదు.

కావాలనేవారి వాదమూ తేలిక కాదు. గిట్‌హబ్ అనే సంస్థ 2017లో ఈ పనివారిని విచారించగా, జవాబు చెప్పినవారిలో నూటికి 95 మంది మగవారు, ఆడవారు ముగ్గురు. ఇట్టి చోటికి కొత్తగా అడుగుపెట్టిన అమ్మాయి మొదట చదివేది ఆ వివరణలనే. అక్కడ ప్రతి పంక్తిలోనూ 'అతడు ఇది చేయును, అతడు అది చేయును' అని ఉంటే, ఇది తన కోసం రాసినది కాదేమో అని ఆమెకు తోచదా? ఒక్క పంక్తి వలన ఎవరూ వెళ్ళిపోరు. కాని వాకిలి దగ్గరి పలకరింపు అంటూ ఒకటి ఉన్నది. దిద్దడం అర నిమిషం పని కదా, ఆ అర నిమిషం పనిని వద్దని అంత పట్టుదల ఎందుకని వారు అడుగుతారు. దీనికి మాకు జవాబు కనిపించలేదు.

ఇక మన భాషల సంగతి. మేము చదివినది మెట్రిక్యులేషను వరకే. అయినా ఇంట తెలుగు, ఆఫీసులో అరవం మాట్లాడే వారికి ఈ విషయం పండితులు చెప్పకనే తెలుస్తుంది. అరవంలో మగవాడు వస్తే 'వందాన్', ఆడది వస్తే 'వందాళ్', ఆవు వస్తే 'వందదు'. మూడింటికి మూడు. మన తెలుగులో అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవూ వచ్చింది. చిన్నయ సూరిగారు 1858 నాటి బాలవ్యాకరణంలో మగవారిని తెలిపే మాటలను మహత్తులన్నారు, పశువులనూ వస్తువులనూ తెలిపేవాటిని అమహత్తులన్నారు. స్త్రీని తెలిపే మాట ఏకవచనంలో అమహత్తు వలె నడుస్తుంది, బహువచనంలో మహత్తు వలె నడుస్తుంది. అనగా అమ్మ ఒక్కతే వస్తే ఆవుతో పాటు 'వచ్చింది'. అక్కను తోడు తెచ్చుకొంటే ఇద్దరూ 'వచ్చారు'! దీనిని సూరిగారు పుట్టించలేదు. జనం నోట ఉన్నదానిని సూత్రంగా రాశారు.

అయితే తెలుగును నిందించి ఊరుకొంటే సగం మాటే చెప్పినట్లు. తలుపు చప్పుడైతే మన ఇల్లాలు ఏమంటుంది? 'ఎవరు?' అంటుంది. ఎవడు అనదు, ఎవతె అనదు. 'ఎవరైనా వస్తే వారిని కూర్చోబెట్టు' అని పిల్లవానికి చెప్పి పెరట్లోకి పోతుంది. వచ్చేది ఒక్కరే, ఆడో మగో తెలియదు, అయినా 'వారు' అనే మాట అందరికీ చెల్లుతుంది. ఇంగ్లీషువారు ఇప్పుడు రచ్చ చేసుకొంటున్న 'వారు' ఇదే. దొరలలోనూ ఒక మనిషికి ఆ బహువచన సర్వనామం వాడడం వందల యేండ్లనాటి అలవాటేనట; నడుమ వచ్చిన వ్యాకరణవేత్తలే దానిని తప్పన్నారు. ఆడ, మగ అనే రెండింటిలోనూ ఇమడనివారికి కూడా ఈ 'వారు'లో చోటున్నది. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు వారిని మూడవ లింగంగా గుర్తించినది. తమిళనాట 'తిరునంగై' అనే గౌరవపు మాట వచ్చినది. చట్టం వెనుక భాష నడవవలసిన పని లేకుండా, 'వారు' మన నోట ముందే ఉన్నది.

నామవాచకాలతోనే అసలు చిక్కు. సభ్యుడు, అధ్యక్షుడు, చందాదారుడు అన్నీ 'డు'తో ముగిసేవి. 'రాలు' చేర్చుకొంటూ పోవడం ఒక దారి. మరొక దారి ఉన్నది. తెలుగు వికీపీడియా అనే విజ్ఞాన సర్వస్వం 2003 డిసెంబరులో మొదలైనది. అది నడిచే మీడియావికీ కూడా ఓపెన్ సోర్స్ ప్రోగ్రామే. అందులో రాసేవారి పేజీలకు తొలినాళ్ళలో 'సభ్యుడు', 'సభ్యులు' అనే పేర్లుండేవి. నేడు 'వాడుకరి' అని ఉన్నది. చదువరి, నేర్పరి వంటి పాత తెలుగు మాటల వరుసలో ఒదిగిపోయే మాట. ఆడవారికీ చెల్లుతుంది, మగవారికీ చెల్లుతుంది. జర్మనువారు అదే ప్రోగ్రాములో ఆడవారికి ఒక పేరు, మగవారికి ఒక పేరు పెట్టుకొన్నారు. వారి భాషకు అది కుదిరినది. మన భాషకు ఒక్క మాటే చాలినది. రచ్చ లేదు, ఎవరినీ తరిమివేయడమూ లేదు.

'చట్టంలోనే మగమాటలో ఆడవారు చేరినారు కదా' అని ఆఫీసు మిత్రులు అంటారు. నిజమే. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను అదే చెబుతున్నది. కాని 'అతడు' అన్నంతనే అందరూ చేరి ఉంటే, అట్లా చేరినట్లు ప్రత్యేకంగా ఒక సెక్షను రాయనక్కర లేకపోయేది కదా! ఫారములతో బతికే గుమాస్తాకు ఇది బాగా తెలుసు. ఫారములో గడి లేకపోతే మనిషి లేనట్లే. మన జిల్లాలో అర్జీ రాస్తే పేరు పక్కన 'త/పె' అనో, 'క/పె' అనో ఉండవలె: తండ్రి పేరు, కాకుంటే భర్త పేరు. పాన్ కార్డు అర్జీలో తండ్రి పేరు తప్పనిసరిగా ఉండేది. తల్లి ఒక్కతే పెంచిన బిడ్డలకు ఆ నిర్బంధం 2018 డిసెంబరు 5 నుండి తొలగినది. ఒక్క గడి సడలింది; ఎందరో తల్లుల బిడ్డలకు సంకటం తీరింది.

ఇప్పుడు మన సంఘపు ఫారము చూడండి. 'సభ్యుని పేరు', 'సభ్యుని భార్య పేరు', 'సభ్యుని సంతకము'. కిందటి సంవత్సరం ఒక అక్కగారు సభ్యత్వానికి వచ్చారు. భర్త పోయి ఏడాది దాటినది. ఫారము పైనుండి కింది దాకా చూచి, 'ఇందులో నాకు చోటేదన్నా? మా అబ్బాయి పేరే ఉండనీండి' అన్నారు. ఆమె మాట ప్రకారమే నమోదైనది. అబ్బాయి ఉన్నది బెంగుళూరులో; ఉగాదికి కూడా రాడు. చందా కట్టేది ఆమె. పండుగకు తెల్లవారకముందే వచ్చి పులిహోర కలిపేది ఆమె. కార్యవర్గపు ఎన్నికలో ఓటు మాత్రం అబ్బాయిది. మన నిబంధనలలో ఆడవారు సభ్యులు కారాదని ఎక్కడా లేదు. కాని ఎవరూ వద్దనకుండానే, ఒక్క 'డు' ఆమెను వాకిట నిలిపివేసినది.

కాబట్టి మా సూచన ఇది. 'సభ్యుని పేరు' తీసివేసి 'పేరు' అని పెడితే చాలును. 'సభ్యుని భార్య పేరు' అన్న చోట 'ఇంటిలోని వారి పేర్లు' అందాము. 'చందాదారుడు' అన్నదానిని 'చందాదారు' చేద్దాము. నిబంధనలలో 'అతడు' ఉన్న చోటనెల్లా 'వారు' పెడదాము. సూచనలు రాసే చోట 'మీరు' అంటే ఇక ఆడ మగ చిక్కే రాదు. పాత ఫారము రాసినది మన పెద్దలు. వారి కాలపు వాడుక అది. వారిని తప్పు పట్టే పని మనకు లేదు. ఆ డచ్చి ఆయన సంగతి చూచాము కదా. మాట మార్చుకొందాము, మనుషులను పోగొట్టుకోవద్దు.

ఫారములు మిగిలినవి కొద్ది. కొత్తవి అచ్చుకు ఇవ్వకముందే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాము. తమ చందా భర్త పేరిటనో కొడుకు పేరిటనో నడుస్తున్న అక్కచెల్లెళ్ళు, సొంత పేరుకు మార్చుకోదలిస్తే ఒక కార్డు ముక్క రాయండి. ఎందరు రాస్తారో వచ్చే నెల ఇదే చోట తెలియజేస్తాము.