లొల్లి వెనక గుట్ట

చాట్ పైల్ బ్యాండ్ రెండో ఆల్బమ్ 'కూల్ వరల్డ్' వినమని మన క్లబ్‌లో ఎవరికిచ్చినా రెండు నిమిషాల్లో ఇయర్‌ఫోన్స్ తిరిగిచ్చేస్తున్నారు. "ఏంది భై ఈ లొల్లి" అంటున్నారు. లొల్లే, కాదనను. నాయిస్ రాక్‌లో గిటార్ రేకు మీద మేకుతో గీసినట్టే ఉంటుంది. కానీ అచ్చంపేట నుంచి వచ్చిన నాకు అది పరాయి సంగీతం అనిపించలేదు.

ముందు ఆ పేరు సంగతి. బ్యాండ్‌ది అమెరికాలోని ఓక్లహోమా సిటీ. అదే రాష్ట్రంలో పిచర్ అనే ఊరుండేది, సీసం, జింక్ గనుల ఊరు. ముడి ఖనిజం దంచి లోహం తీసుకున్నాక మిగిలే కంకరని అక్కడ 'చాట్' అంటారు. దాన్ని ఊరి పక్కనే గుట్టలు గుట్టలుగా పోశారు. పిల్లలు ఆ గుట్టలెక్కి ఆడుకున్నారు. 1990లలో టెస్టులు చేస్తే దాదాపు మూడో వంతు పిల్లల ఒంట్లో సీసం విషం తేలింది. కింద గనుల వల్ల నేల కుంగే ప్రమాదం కూడా ఉండటంతో ప్రభుత్వం ఇళ్లు కొనేసి జనాన్ని పంపేసింది. 2009లో మున్సిపాలిటీయే రద్దయింది. ఊరు పోయింది, గుట్టలు మిగిలాయి. బ్యాండ్ పెట్టుకున్నది ఆ గుట్టల పేరే.

ఇప్పుడు మా వైపు రండి. 2019 మేలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం సర్వేకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నేనప్పుడు ఎనిమిదో తరగతి. పులులు, చెంచులు, కృష్ణా నీళ్లు, అందరూ వీటి గురించే మాట్లాడారు. సినిమావాళ్లు ట్వీట్లు పెట్టారు. సెప్టెంబర్ 16న అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. మా బడిలో మాత్రం ఇండియా మ్యాప్‌లో ఖనిజాలకి చుక్కలు పెట్టించి బట్టీ కొట్టించారు. తవ్వి దంచినాక మిగిలిన మట్టి ఎక్కడ పోస్తారో ఏ చుక్కా చెప్పదు. అది నాకు ఈ బ్యాండ్ పేరే చెప్పింది.

2022లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'గాడ్స్ కంట్రీ' వాళ్ల సొంత నేల గురించి: కబేళా, ఇల్లు లేక రోడ్డున పడ్డ మనుషులు. 2024 అక్టోబర్‌లో వచ్చిన 'కూల్ వరల్డ్' ఆ ఊరు దాటి లోకం మీద పడింది. యుద్ధం, చచ్చిపోయిన పిల్లలు, అవన్నీ ఫోన్‌లో చూస్తూనే అన్నం తినేసే మనం. 'షేమ్'లో రేగన్ బుష్ (స్టేజ్ పేరే లెండి) మెల్లగా మొదలుపెట్టి అరుపులోకి పోతాడు. ఆ అరుపు నటన అనిపించదు.

మొదటిదే గొప్పదనేవాళ్లు చాలామంది. నేను రెండోదానికే ఓటేస్తా. మొదటిదాంట్లో కోపానికి అడ్రస్ ఉంది, "పాపం ఓక్లహోమా" అనుకుని తప్పించుకోవచ్చు. రెండోదాంట్లో ఆ వీలు లేదు. అలాగని అంతా నచ్చిందని కాదు. 'మాస్క్' పాట దాదాపు హమ్ చేసుకునేలా ఉంది, ఇలాంటి ఆల్బమ్‌లో అది నాకు కొంచెం అనుమానమే.

మన పాటల్లో దుఃఖం లేదా అంటే ఎందుకు లేదు? మా జిల్లావాడే గోరటి వెంకన్న 'కుబుసం' సినిమాకిచ్చిన పల్లె పాట వినండి. ఊరి బతుకు ఎట్లా కూలిందో అంత వివరంగా చెప్పిన పాట నాకింకోటి తెలీదు. కానీ ఫెస్టుల్లో మనం దానికి చప్పట్లు కొడుతూ ఊగుతాం. ట్యూన్ అంత బాగుండేసరికి ఏడుపు వినబడదు. తప్పు పాటది కాదు, మనది. చాట్ పైల్‌కి ఆ బాధ లేదు, దానికి తాళం వేయడం ఎవరి తరమూ కాదు.

వినాలనుకుంటే 'షేమ్'తో మొదలుపెట్టండి, 'నో వే అవుట్' మాత్రం చివర్లోనే వినండి. స్పీకర్‌లో వద్దు, పక్క రూమ్‌లో సప్లీకి చదువుకునేవాళ్లుంటారు.